హీరోగారి జుట్టు పెరిగేదాకా

మా కాలనీ సొసైటీ పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళయింది కదా, ఇంకా ఎందుకు మనసులో పెట్టుకుంటావు అంటారు తెలిసినవాళ్ళు. వాళ్ళకేం, పెట్టుకోవాల్సిన పని వాళ్ళకి పడలేదు.

ఎనభైల చివర్లో మద్రాసు నుంచి ఫిల్మ్ నగర్ వచ్చాం, నేనూ మా నాన్నా. అమ్మ మద్రాసులోనే పోయింది. నాన్న సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టరుగా చేరి, అసిస్టెంట్ డైరెక్టరుగానే మానేశాడు. ఆయన తర్వాత చేరినవాళ్ళు డైరెక్టర్లయ్యారు, కార్లు కొన్నారు. ఆయనకి మాత్రం సినిమావాళ్ళ హౌసింగ్ సొసైటీలో ఒక ప్లాటు వచ్చింది. నాకు టెలిఫోన్ ఆఫీసులో క్లర్కు ఉద్యోగం, హైదరాబాదుకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాను. పెళ్ళి చేసుకోలేదు. ఆ సంగతి గురించి నాకంటే కాలనీ వాళ్ళే ఎక్కువ బెంగపడేవారు.

ప్లాటు అనడమే గానీ అదొక బండరాయి. బండ పగలగొట్టించే స్తోమత లేక, ఇల్లు దాని నెత్తిమీదే కట్టాం. అందుకని గేటు నుంచి గుమ్మం దాకా పదకొండు మెట్లు వచ్చాయి. షాబాదు రాళ్ళ మెట్లు, పట్టుకోడానికి పక్కన ఏమీ లేదు. అప్పటికి నాన్న మెట్లని లెక్కచేసే మనిషి కాదు. కింద నిలబడి, కళ్ళు చికిలించి చూసి, "హీరోయిన్ దిగి రావడానికి భలే ఉంటాయే అమ్మాయీ" అనేవాడు. ఆ మాటే మా కొంప ముంచింది.

సొసైటీ వాళ్ళు నెలనెలా సైక్లోస్టైల్ కాగితం పంపేవారు. ఇంటి ముందువైపు బట్టలు ఆరేయకూడదు. గేట్లకి ఇష్టమొచ్చిన రంగులు వేయకూడదు. ఇంటి ముందుభాగంలో ఇటుక కదపాలన్నా, మేకు కొట్టాలన్నా కమిటీ అనుమతి పత్రం తీసుకోవాలి. ఒకసారి నేను డాబా మీద వడియాలు పెట్టుకుంటే, అవి రోడ్డు మీదికి కనబడుతున్నాయని నోటీసు ఇచ్చారు. సినిమాల్లో పేదింటి వడియాలు చూపించి జనాన్ని ఏడిపించేవాళ్ళకి నిజం వడియాలు చూస్తే చిన్నతనం. నేను ఆ నోటీసు మీదే మర్నాడు మళ్ళీ వడియాలు పెట్టాను.

ఆ నోటీసుల కింద సంతకం పెట్టేది సొసైటీ ప్రెసిడెంటు. ఆయనొక నిర్మాత. మా ఎదురిల్లే. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, రెండు మోకాళ్ళూ అరిగిపోయి గూడుబండిలా ఊగుతూ నడిచేవాడు. ఏం చెప్పినా పంపిణీదారుకి కథ చెప్పినట్టు చేతులు తిప్పుతూ చెప్పేవాడు. నాన్న మెట్ల గురించి అనే మాట చెవిన పడిందేమో, ఒకరోజు ఆయనే మా ఇంటికొచ్చి, గుమ్మంలో ఆయాసపడుతూ నిలబడి, తన కొత్త సినిమాలో హీరోయిన్ ఇంటి ముందుభాగంగా మా మెట్లూ గేటూ కావాలన్నాడు. సభ్యుల సినిమాలకి సభ్యులు సహకరించాలని సొసైటీ రూలు ఒకటి ఉందిట. రూలు లేకపోయినా నాన్న ఒప్పుకునేవాడు. ఆయన ముఖం అప్పటికే వెలిగిపోతోంది.

ఇక్కడ నాన్న పని ఏమిటో చెప్పాలి. సినిమాలో సీను ఒక్క రోజున తియ్యరు. హీరోయిన్ తలుపు తీసే షాట్ ఇవాళ తీస్తే, గుమ్మం దాటే షాట్ ఏ రెండు నెలలకో తీస్తారు. తెర మీద రెండూ పక్కపక్కనే వస్తాయి. మధ్యలో చేతి గాజు ఒకటి తగ్గినా, బొట్టు జరిగినా, హాల్లో వాడెవడో ఈల వేస్తాడు. అలా తేడా వస్తే జంప్ అంటారు, రాకుండా చూసుకోవడాన్ని కంటిన్యుటీ అంటారు. ఏ షాట్‌లో ఏ వస్తువు ఎక్కడుందో రిజిస్టర్లో రాసి, తర్వాతి షాట్‌కి మళ్ళీ అలాగే పెట్టించడం ముప్పై ఏళ్ళపాటు నాన్న చేసిన పని. ఇంట్లో కూడా అంతే. గోడమీద క్యాలెండరు ఒక వేలు పక్కకి ఒరిగినా అన్నం సయించేది కాదు.

మొదటి షెడ్యూలు రెండు రోజులు జరిగింది. మా గేటుకి నీలం రంగు వేశారు. కమిటీ అనుమతి లేకుండానే, అది వేరే సంగతి. కింది నుంచి మూడో మెట్టు మీద కుడివైపు ఒక క్రోటన్ మొక్క కుండీ పెట్టారు. హీరోయిన్ మెట్లు దిగి వచ్చి గేటు దగ్గర నిలబడ్డ హీరోని చూస్తుంది. అంతవరకు తీశారు. హీరో మెట్లెక్కి వచ్చి ఆమె చెయ్యి పట్టుకునే ముక్క మిగిలిపోయింది. ఆయన వేరే షూటింగుకి వెళ్ళిపోయాడు. నాన్నకి కుర్చీ వేసి కూర్చోబెట్టి, గురువుగారూ అని పిలిచారు. ఆయన మద్రాసు రోజుల నాటి పొడుగాటి రిజిస్టరు తీసి, మెట్లు పదకొండు, గేటు నీలం, పై కిటికీ మూసి ఉంది, కుండీ మూడో మెట్టు కుడివైపు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను చాలా ఏళ్ళకి చూశాను.

మూడు వారాల తర్వాత నాన్నకి పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, చెయ్యి పోలేదు, ఎడమకాలు మాత్రం ఈడుస్తున్నాడు. డాక్టరు నాతో విడిగా చెప్పాడు. "ఈ ఆరు నెలల్లో ఎంత నడిపిస్తే అంత నడక వస్తుంది. ఆ తర్వాత రాదు. రోజూ కిందికి దింపి నడిపించండి. మెట్లకి పట్టుకునేందుకు ఏదైనా పెట్టించండి." నేనొక్కదాన్ని ఆయన్ని ఆ మెట్లమీద దింపలేను. ఒకసారి ప్రయత్నిస్తే ఇద్దరం రెండో మెట్టు మీదే కూలబడ్డాం. ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. రోడ్డు చివర టీ బడ్డీ దగ్గర సాయంత్రాలు పాత టెక్నీషియన్లు చేరేవాళ్ళు. అక్కడిదాకా మళ్ళీ తన కాళ్ళతో వెళ్ళాలన్నదే ఆయన కోరిక.

ఇనుప రెయిలింగుకి అనుమతి ఇవ్వమని సొసైటీకి అర్జీ పెట్టాను. పదిహేను రోజులు జవాబు లేదు. ఆదివారం జరిగిన మీటింగుకి వెళ్ళి, లేచి నిలబడి అడిగాను.

ప్రెసిడెంటు చేతులు జోడించాడు. "అమ్మా, మీ నాన్నగారంటే నాకు తండ్రితో సమానం. రెయిలింగు పెట్టించకుండా ఎలా ఉంటాం? కాకపోతే ఆ మెట్ల మీద నాకో షాట్ బాకీ ఉంది. ఫస్ట్ షెడ్యూల్లో రెయిలింగు లేదు. ఇప్పుడు పెడితే కంటిన్యుటీ పోతుంది."

"అయితే ఆ షాట్ ఏదో త్వరగా తీసుకోండి."

"తీసుకునేవాణ్ణే. హీరోగారు మొన్న తిరుపతి వెళ్ళారు. మొక్కు ఉందిట, గుండు చేయించుకున్నారు."

హాల్లో ఎవరో అయ్యయ్యో అన్నారు. మా నాన్న కాలు గురించి చెప్పినప్పుడు ఎవరూ అనలేదు.

"విగ్గు పెట్టొచ్చు కదండీ?"

"దగ్గర షాటమ్మా. తెలిసిపోతుంది. జుట్టు పెరగడానికి ఎంతో పట్టదు. నాలుగైదు నెలలు."

తండ్రి వేషాలు వేసే ఒక పెద్దాయన లేచి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, కన్నతండ్రి కోసం ఒక కూతురు పడే తపన అంటూ అయిదు నిమిషాలు మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నా అర్జీని వాయిదా వేస్తూ తీర్మానం చేశారు. దానికీ చప్పట్లు కొట్టారు. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటే ఏమిటో నాకు ఆవేళ తెలిసింది. మా నాన్న మెట్లు దిగాలంటే ఎవరి నెత్తినో జుట్టు మొలవాలి.

ప్రెసిడెంటు ఇంటి ఫోను ఏ కేబుల్ మీద పోతుందో నాకు తెలుసు. చాలా రోజులు ఆ కేబుల్ గురించే ఆలోచించాను. ఏమీ చెయ్యలేదు. చెయ్యనందుకు ఇప్పుడు కొంచెం విచారంగానే ఉంది.

అనుమతి గినుమతి జాన్తా నై అనుకుని, షేక్‌పేటలో వెల్డింగ్ షాపు నడిపే ఒకతన్ని పిలిపించాను. అతను ఉదయమే వచ్చి కొలతలు తీసుకుని, పైపులు తెచ్చి, నిలువు కమ్మీలు రెండు పాతాడు. మూడోదానికి రాయి తొలుస్తుంటే పైనుంచి కేక వినబడింది. నాన్న మంచం కిటికీ పక్కనే. ఆయన కిటికీ చువ్వలు పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నావే? తియ్యి. తీసెయ్యమను."

నేను పైకి పరిగెత్తాను. "నీకోసమే నాన్నా. డాక్టరు ఏమన్నాడో తెలుసుగా."

"షాట్ మిగిలుంది. నేను రిజిస్టర్లో రాశాను, రెయిలింగు లేదని."

"రిజిస్టరు తగలెయ్యి. కాలు పోతుంది."

"పోతే నా కాలు పోతుంది. సగం తీసిన సీను పాడుచెయ్యడానికి నువ్వెవరివి, నేనెవర్ని? ముప్పై ఏళ్ళలో నా వల్ల ఒక్క జంప్ రాలేదు. నా ఇంట్లోనే రానిస్తానా?"

ఎదురింటి వాడితో పోట్లాడగలను. మంచం మీదున్న మనిషితో ఎలా పోట్లాడను? కిందికెళ్ళి వెల్డింగ్ అతనికి సంగతి చెప్పాను. అతను సుత్తి కింద పెట్టి నావైపు చూశాడు.

"ఏందమ్మా గిది? పొద్దుగాల పెట్టుమన్నరు, గిప్పుడు తీస్కపొమ్మంటున్నరు."

"షూటింగు ఉందట. హీరోగారి జుట్టు పెరిగేదాకా ఆగాలట."

"ఆయన జుట్టు పెరిగేదాంక గీ ముసలాయన కిందికి దిగొద్దా?" అతను పాతిన కమ్మీలు పీకుతూ, "గీడ అందరికీ దిమాక్ ఖరాబైంది" అన్నాడు. అందులో నేనూ ఉన్నానని నాకు తెలుసు. ఆ బొక్కలు సిమెంటుతో పూడిపించి, మరక కనబడకుండా పైన బూడిద రుద్దించాడు నాన్న, కిటికీలోంచి చూసి చెబుతూ.

అప్పటినుంచి ఆయన ఇంట్లోనే, గోడ పట్టుకుని నడిచేవాడు. హాల్లో ఎనిమిది అడుగులు, వంటింటిదాకా ఆరు. మిగతా వేళ కిటికీ పక్కన మంచం మీద కూర్చుని మెట్లకి కాపలా. పాలవాడు కుండీని కాలితో తన్నితే కేకలేసేవాడు. ఆ క్రోటన్‌కి నీళ్ళు పొయ్యడం నా పని. ఆ మొక్కని నేను అసహ్యించుకున్నంతగా ఏ మనిషినీ అసహ్యించుకోలేదు, ప్రెసిడెంటుని తప్ప.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నాలుగో నెలలో, వానలు మొదలైన కొత్తలో, మెట్లకి పాచి పట్టింది. ఆఫీసుకి వెళ్ళే ముందు చీపురుతో మెట్లు రుద్ది కడిగాను. కుండీ అడ్డమొస్తే ఎత్తి ఎడమవైపు పెట్టాను. టైమైపోతోంది, బస్సు పోతుందేమోనన్న కంగారు. కుండీని అలాగే వదిలేసి వెళ్ళిపోయాను.

నాన్న పొద్దుటినుంచీ దాన్ని చూస్తూ ఉండిపోయి ఉంటాడు. పిలుద్దామంటే ఇంట్లో ఎవరూ లేరు. మధ్యాహ్నం చినుకులు ఆగాక లేచాడు. తలుపు తీసి, గుమ్మం పట్టుకుని, మెట్ల మీద కూర్చుని కూర్చుని దిగడం మొదలుపెట్టాడు. ఆరు మెట్లు దిగాడు. కింది నుంచి అయిదో మెట్టు దగ్గర లేచి నిలబడబోయి జారినట్టున్నాడు. కుండీ ఇంకా రెండు మెట్ల కింద ఉంది.

ఎదురింటి వాచ్‌మన్ చూశాడు. ప్రెసిడెంటు తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నాకు ఆఫీసుకి ఫోను చేసింది కూడా ఆయనే. ఆ మాట చెప్పకపోతే పాపం. చెప్పాను, చాలు.

తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఆ కాలూ పక్షవాతం వచ్చిన కాలూ ఒకటే కావడంతో, ఇక నడక గురించి డాక్టరు నాతో ఏమీ అనలేదు. తెలివొచ్చాక నాన్న నాతో అన్న మొదటి మాట, "కుండీ సరిగ్గా పెట్టావా?"

ఎవరు జరిపారని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కుండీని నేలకేసి కొట్టాలని రెండు చేతులా ఎత్తాను. ఎత్తి, మూడో మెట్టు మీద కుడివైపు పెట్టాను. తర్వాత అక్కడే తడిలో కూర్చుని ఏడ్చాను.

హీరోగారి జుట్టు పెరిగింది. ఒకరోజు పొద్దున్నే వ్యాన్లు వచ్చాయి. అప్పటికి నాన్నని ఇంటికి తెచ్చి నెలైంది. మంచం కిటికీ దగ్గరికి జరపమన్నాడు. తలగడలు ఎత్తుగా పెట్టించుకుని, గడ్డం గీయించుకుని, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని తయారుగా ఉన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగినట్టు ప్రెసిడెంటు కింద నిలబడి నన్ను పిలిచాడు.

"అమ్మా, ఆ పై కిటికీ ఒకటి మూయించాలి."

"నాన్న చూస్తారండీ. ఆయన మంచం అక్కడే."

"తెలుసమ్మా. కానీ ఫస్ట్ షెడ్యూల్లో మూసి ఉంది."

నోటికొచ్చిన మాటలన్నీ అనేద్దామని నోరు తెరిచాను. పైనుంచి నాన్న గొంతు వినబడింది. "నిజమే. మూసే ఉంది. నేను రాశాను. అమ్మాయీ, వచ్చి కిటికీ మూసెయ్యి."

మూశాను. మే నెల కాకపోయినా గదిలో ఉక్కపోసింది. కింద లైట్లు వెలిగిన సంగతి కిటికీ తలుపు సందుల్లోంచి తెలుస్తోంది. నాన్న చీకట్లో పడుకుని, స్టార్ట్ అనే కేకా, యాక్షన్ అనే కేకా, కట్ అనే కేకా వింటూ, ఒక్కొక్క షాట్‌కీ వేలు మడిచాడు. నాలుగు వేళ్ళు మడిచేసరికి వాళ్ళ పని అయిపోయింది. ఎవరైనా పైకొచ్చి పలకరిస్తారేమోనని ఆయన చొక్కా సవరించుకున్నాడు. ఎవరూ రాలేదు. గురువుగారూ అని పిలిచిన అసిస్టెంట్లు ఆ వ్యాన్లలోనే ఉన్నారు.

ఇక రెయిలింగు పెట్టిస్తానన్నాను. వద్దన్నాడు. "రిలీజయ్యేదాకా ఏ షాటూ అయిపోయినట్టు కాదు. తీసిన ముక్కలన్నీ వేసుకుని రష్ చూశాక మళ్ళీ తియ్యాలంటారు. ఆగు."

ఆగాను. సినిమా రిలీజైంది. సొసైటీ సభ్యులందరికీ ప్రెసిడెంటు పాసులు పంచాడు. నాన్న నన్ను వెళ్ళమన్నాడు. సినిమా అంటే నాకు పడదు, అయినా వెళ్ళాను. హీరోయిన్ ఇంటి తలుపు లోపలినుంచి తెరుచుకుంది. అది స్టూడియోలో వేసిన సెట్టు. తలుపు తెరుచుకోగానే పాట మొదలై, ఇద్దరూ ఏదో కొండమీద ఉన్నారు. మా మెట్లు లేవు. గేటు లేదు. కుండీ లేదు. ఇంటర్వెల్ తర్వాత వస్తుందేమోనని చివరిదాకా కూర్చున్నాను. బయటికొస్తుంటే హాలు ముందు ప్రెసిడెంటు అందరికీ చేతులు కలుపుతున్నాడు. మా సీను ఏమైందని అడిగాను.

"లెంగ్త్ ఎక్కువైందమ్మా. ఎడిటింగ్‌లో లేపేశాం. ఫస్ట్ హాఫ్ పరుగెడుతోంది కదూ?"

ఆటోలో ఇంటికి వచ్చేదాకా, నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పాలనే అనుకున్నాను. నేను అబద్ధం ఆడే మనిషిని కాను. దానివల్లే ఎవరితోనూ పడదు నాకు. మెట్లెక్కి లోపలికెళ్ళేసరికి ఆయన రిజిస్టరు ఆ పేజీ దగ్గర తెరిచి పెట్టుకుని ఉన్నాడు.

"ఎలా వచ్చింది?"

"బాగా వచ్చింది నాన్నా."

"కుండీ?"

"మూడో మెట్టు. కుడివైపు."

"కిటికీ?"

"మూసే ఉంది."

"ఎక్కడైనా ఎగిరిందా? జంప్?"

"ఎక్కడా లేదు. ఒకేరోజు తీసినట్టుంది."

ఆయన చాలాసేపు ఆ పేజీని అరచేత్తో నిమిరాడు. తర్వాత రిజిస్టరు మూసి నాకిచ్చాడు. "అయితే ఇంకేం. ఆ షేక్‌పేట అతన్ని పిలిపించు."

వెల్డింగ్ అతను మర్నాడే పైపులతో వచ్చాడు. రెండు పక్కలా, కింది మెట్టు నుంచి గుమ్మం దాకా పైపు వేశాడు. నున్నగా ఆకురాయి పట్టి, మూడో రోజు సాయంత్రం ఎర్ర ప్రైమరు పూసి వెళ్ళాడు.

ఆ పచ్చి ఆరకముందే, నాలుగో రోజు పొద్దున్నే ప్రెసిడెంటు వచ్చాడు. అనుమతి లేకుండా ఇంటి ముందుభాగం మార్చినందుకు నోటీసు. సభ్యురాలికి స్వయంగా అందజేయాలని కమిటీ నిర్ణయించిందట. కింద గేటు దగ్గర నిలబడి మెట్లవంక చూశాడు. తర్వాత ఒక చేత్తో నోటీసూ ఇంకో చేత్తో రెయిలింగూ పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, మూలుగుతూ ఎక్కడం మొదలుపెట్టాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. సాయం చెయ్యాలనిపించలేదు.

కిటికీ తెరిచే ఉంది. లోపలినుంచి నాన్న మర్యాదగా అన్నాడు, "గట్టిగా పట్టుకోండి సార్. అయిదో మెట్టు దగ్గర జారుతుంది."

ఆయన గట్టిగా పట్టుకున్నాడు. దిగేటప్పుడూ పట్టుకునే దిగాడు. అరచేతికీ లాల్చీకీ ఎర్ర ప్రైమరు అంటింది. నాన్న ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు. ఆయన ఆ రెయిలింగుని ఒక్కసారి కూడా పట్టుకోలేదు.